ఎలక్ట్రిక్ సైకిల్ యాక్సిల్ నట్లు: మూడు రకాలు వాడి చూశాక

బుక్కరాయసముద్రం నుంచి అనంతపురానికి రోజూ నా రాకపోకలు ఎలక్ట్రిక్ సైకిల్ మీదే. వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు. కొన్నప్పుడు అందరూ బ్యాటరీ గురించే భయపెట్టారు. నన్ను షాపుల చుట్టూ తిప్పింది మాత్రం వెనక యాక్సిల్ నట్లు.

మా దారి పొడుగునా కంపచెట్లే. ముల్లు దిగితే పంక్చరు, పంక్చరు పడితే చక్రం విప్పక తప్పదు. కంపెనీ నట్టుకు 18 ఎంఎం పానా పడుతుంది. పంక్చరు షాపుల్లో చేతికందిన 19 వేసి తిప్పేస్తారు. అలా కొన్నాళ్లకు మూలలు గుండ్రంగా అరిగి పానా జారడం మొదలైంది. పైగా అది టోపీ నట్టు. మెరుస్తూ బాగానే ఉంటుంది కానీ, ఫ్రేమును గట్టిగా పట్టి ఆగిందా, యాక్సిల్ కొస టోపీ లోపల తగిలి ఆగిందా పైకి తెలియదు. నాకు అది మొదటినుంచీ నచ్చలేదు.

యాక్సిల్ లావు 12 ఎంఎం. హార్డ్‌వేర్ షాపులో ఆ లావుకు పట్టే 12 నట్టు అడిగితే వెంటనే ఇస్తారు. యాక్సిల్ మీద ఒక చుట్టు తిరిగి పట్టేస్తుంది. లేత్ షాపు పెద్దాయన చూడగానే చెప్పాడు: "లావు పన్నెండే అబ్బీ, మర సన్నది. బలవంతం చేస్తే నట్టు కాదు, యాక్సిలే పోతుంది." మామూలు 12 నట్టుకు మరకూ మరకూ మధ్య 1.75 మిల్లీమీటర్లు. నా మోటారుకు 1.25. తెలుసుకోడానికి పెద్ద పరికరాలేం వద్దు, యాక్సిల్ మీద స్కేలు ఆనించి లెక్కపెట్టండి. 10 మిల్లీమీటర్లలో 8 మరలు వస్తే 1.25.

పెద్దాయన భయం ఉత్తది కాదు. ఈ యాక్సిల్ మామూలు సైకిల్ యాక్సిల్‌లా పూర్తి గుండ్రంగా ఉండదు. ఫ్రేము గాడిలో తిరక్కుండా కూర్చోవాలని రెండు పక్కలా 10 ఎంఎంకు చదును చేస్తారు. దాంతో మర చుట్టూ ఉండదు, మిగిలిన రెండు వంపుల మీదే ఉంటుంది. నట్టు పట్టు అంతా ఆ కాస్త మర మీదే. అది పాడైతే మోటారు విప్పాల్సిందే.

ఆన్‌లైన్‌లో స్టెయిన్‌లెస్ నైలాన్ నట్లు తెప్పించా. మర సరిపోయింది, మొదట బిగువు బ్రహ్మాండం. కానీ విప్పి బిగించిన కొద్దీ లోపలి నైలాన్ వదులవుతుంది. ముళ్లు లేని ఊళ్లో ఉండేవాళ్లకైతే అవే చాలు.

చివరికి కుదిరింది బైకు నట్టు. మోటారు పాత నట్టు జేబులో వేసుకుని బైకు స్పేర్ పార్టుల షాపుకెళ్లి, 100 సీసీ బండి ముందు చక్రం నట్లు చూపించమన్నా. వాటిలో 12, 1.25 మర ఉన్నది దొరికింది. పాత నట్టును ఆ బండి యాక్సిల్ మీద చేత్తో తిప్పితే చివరిదాకా నున్నగా వెళ్లింది, ఇంకేం అనుమానం? ఉగ్గాని బజ్జీ తిన్నంత ఖర్చు. ఇనుము గట్టిది, మూలలు ఇంకా పదునుగా ఉన్నాయి. వానాకాలం కాస్త తుప్పు పడుతుంది, గ్రీసు రాస్తే సరి. నా ఓటు దీనికే.

అయితే నట్టు ఒక్కటే చాలదు. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంటే యాక్సిల్ వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది నాలుకున్న వాచరు. ఆ నాలుక ఫ్రేము గాడిలో కూర్చోవాలి. పంక్చరు షాపులో దీన్ని తిరగేసి వేస్తారు, లేదా డబ్బాలో మరిచిపోతారు. పక్కనే నిలబడి చూసుకోండి. బిగువు సుమారు 40 న్యూటన్ మీటర్లు. బిగువు కొలిచి చూపే టార్క్ పానా లేకపోతే పొడుగు పానాతో గట్టిగా బిగించి, మర్నాడు ఒకసారి సరిచూడండి.

ఇదంతా వైరు లేని వైపు సంగతి. రెండో వైపు నట్టు మార్చాలంటే మోటారు వైరు మొత్తం దాన్లోంచి దూరి రావాలి. ముందు కనెక్టరు ఆ రంధ్రంలో పడుతుందో లేదో కొలిచి చూడండి. పట్టకపోతే వైరు కోసి సన్న తీగలన్నీ మళ్లీ అతికించాలి. అందుకే ఆ వైపు నట్టు మీద 19 పానా పడనివ్వను. సొంత 18 పానా సీటు కింద సంచిలో పెట్టుకుని తిరుగుతున్నా.