తిరుపతి ఇంట్లో హీట్ పంపు: నీళ్ళు బాగున్నాయి, అమ్మినవారి లెక్క బాగాలేదు

కపిలతీర్థం వైపున్న మా ఇంట్లో వేన్నీళ్ళకు పాత సోలార్ హీటరును, దానికి తోడుగా ఉన్న రెండు గీజర్లను తీయించి, రెండు వందల లీటర్ల హీట్ పంపు (బయటి గాలిలోని వేడితో నీళ్ళు కాచే యంత్రం) పెట్టించాము. అదే సమయంలో పీఎం సూర్యఘర్ పథకం కింద మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు కూడా వేయించాము. రెండు పనులనూ ఒకే సంస్థ చేసింది. యంత్రం విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. దాన్ని అమ్మిన తీరు మీద మాత్రం చెప్పవలసింది చాలా ఉంది, ఎందుకంటే ఇదే ప్యాకేజీని ఇదే మాటలతో మా వీధిలో మరికొందరికి కూడా చూపించారు.

సంస్థ ఇచ్చిన కొటేషన్‌లో ప్యానెళ్ళు, ఇన్వర్టరు, హీట్ పంపు, పైపులు, కూలి అన్నీ వరుసగా రాసి, అడుగున "సబ్సిడీ పోను" అంటూ ఒకే మొత్తం వేశారు. "సబ్సిడీ పోతే మీకు పడేది చానా తక్కువ సార్" అన్నది వచ్చిన కుర్రవాడి మాట. చదివినవారికి సబ్సిడీ మొత్తం సామగ్రికి వస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. నిజానికి సూర్యఘర్ సబ్సిడీ ప్యానెళ్ళకు మాత్రమే వస్తుంది. హీట్ పంపుకు అందులో పైసా రాదు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు, అంటే 3 కిలోవాట్లకు గానీ అంతకు మించి వేసినా గానీ మొత్తం 78,000 రూపాయలు. విదేశాల్లో బంధువులున్న ఇళ్ళలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఇంగ్లండు, వేల్స్‌లలో గ్యాస్ బాయిలరు తీసేసి ఇంటిని వెచ్చబరిచే హీట్ పంపు పెట్టుకుంటే ప్రభుత్వం ఆ యంత్రానికే 7,500 పౌండ్లు ఇస్తుంది. అక్కడి మాట ఫోనులో విని ఇక్కడా అలాగే వస్తుందనుకోవడం సహజమే. అయితే ఇల్లు వెచ్చబరచవలసిన అవసరమే లేని ఊరు మనది. మనకు కావలసినది స్నానానికి నీళ్ళు.

సబ్సిడీ రావడంలో ఇబ్బంది ఏమీ కలగలేదు. పథకం వెబ్‌సైటులో కరెంటు సర్వీసు నంబరుతో నమోదు చేసుకోవాలి, అక్కడి జాబితాలో ఉన్న సంస్థల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి, దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళే వేయించాలి, నెట్ మీటరు (గ్రిడ్‌కు పంపిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కించేది) బిగించి తనిఖీ పూర్తయ్యాక డబ్బు నేరుగా మన ఖాతాలో పడుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో తాకట్టు లేని బ్యాంకు అప్పుకు కూడా వీలుంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగానే వేస్తున్నారు కాబట్టి, ఆ అర్హత ఉన్నవారు ఇలాంటి ప్యాకేజీల జోలికి పోయే ముందు ఆ సంగతి విచారించుకోవడం మంచిది. ఒక్క విషయం ముందే చూసుకోవాలి: సర్వీసు తాతగారి పేరు మీదో, కాలం చేసిన తండ్రిగారి పేరు మీదో ఉంటే, దాన్ని మన పేరుకు మార్పించుకున్నాకనే దరఖాస్తు పెట్టాలి. పాత ఇళ్ళలో ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే.

హీట్ పంపు ఎందుకు కావలసి వచ్చిందంటే, మా మిద్దె మీది గాజు గొట్టాల సోలార్ హీటరు వేసవిలో ఎవరికీ అక్కరలేనంత వేడి నీళ్ళిచ్చి, అవసరమైనప్పుడు చేతులెత్తేసేది. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. చలి మొదలయ్యే రోజులూ అవే. 2021 నవంబరు నాటి కుండపోత సంగతి అటుంచినా, మామూలు ముసురు పట్టిన వారంలో కూడా ఎండ మీద ఆధారపడిన హీటరు పనికిరాదు. దానికి తోడు కొండ దిగి వచ్చే కోతులు గొట్టాలను బతకనివ్వవు. గీజర్లకేమో బోరు నీళ్ళ ఉప్పు శత్రువు. ఒకసారి విప్పి చూస్తే కాయిల్ చుట్టూ తెల్లటి పెచ్చు వేలు మందాన పేరుకుని, తడితే సున్నపు ముక్కల్లా రాలింది.

హీట్ పంపులో కాయిల్‌ను ఎర్రగా కాల్చి నీళ్ళు కాచే పద్ధతి లేదు. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి నెట్టినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి ట్యాంకులోని నీళ్ళకు ఇస్తుంది. లోపల తిరిగే ద్రవం చాలా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరవుతుంది కాబట్టి, మామూలు గాలి కూడా దాన్ని మరిగించగలదు. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కినప్పుడు వేడెక్కి, ఆ వేడి నీళ్ళలోకి దిగుతుంది. కరెంటు ఖర్చయ్యేది కంప్రెసరుకు, ఫ్యానుకు మాత్రమే. బయటి గాలి ఎంత వెచ్చగా ఉంటే పని అంత తేలిక, అందుకే చలి దేశాల్లో కంటే మన ఊళ్ళో ఈ యంత్రం సుఖంగా నడుస్తుంది. రెండు వందల లీటర్లను 27 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే సుమారు ఆరున్నర యూనిట్ల వేడి కావాలి. గీజరయితే అంత కరెంటూ మింగుతుంది. మా యంత్రానికి విడిగా పెట్టించిన చిన్న మీటరులో, ట్యాంకు మొత్తం వాడుకున్న రోజున కూడా, రెండు యూనిట్లకు అటూ ఇటూగానే తిరుగుతోంది. ముసురు రోజుల్లో కొంచెం పెరిగిందే తప్ప నీళ్ళకు లోటు రాలేదు. ఇంట్లో ఆరుగురం ఒకరి తరువాత ఒకరం స్నానం చేసినా చివరివారికి కూడా వేడి తగ్గలేదు. తెల్లవారుజామున లేచే మా అమ్మ "నీళ్ళు కాగినాయా నాయనా" అని అడగడం మానేసింది.

ఇక డబ్బు లెక్కకు వస్తాను. సంస్థవారు ఇచ్చిన కాగితంలో ప్యానెళ్ళ వల్ల నెలకు ఇంత, హీట్ పంపు వల్ల ఇంత అని విడివిడిగా ఆదా చూపించి, రెండింటినీ కలిపారు. అలా కలపడం కుదరదు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. గీజర్లతో నెలకు 450 యూనిట్లు కాలే ఇంటికి, ఇతర చార్జీలు వదిలేస్తే, బిల్లు సుమారు 3,035 రూపాయలు. హీట్ పంపు ఒక్కటే పెట్టుకుని నెలకు 150 యూనిట్లు తగ్గించుకుంటే బిల్లు 1,673కు దిగుతుంది, ఆదా 1,362. హీట్ పంపు లేకుండా ప్యానెళ్ళే పెట్టుకుని నెలకు 350 యూనిట్లు పండించుకుంటే బిల్లు 305 దగ్గర ఆగుతుంది, ఆదా 2,730. రెండు ఆదాలనూ కలిపితే నాలుగు వేలు దాటుతుంది, అంటే అసలు బిల్లు కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ! ఖరీదైన పై స్లాబులను ప్యానెళ్ళే తినేశాక, హీట్ పంపు మిగిల్చే యూనిట్లన్నీ చవక స్లాబుల్లోవి. రెండూ ఉన్న ఇంట్లో హీట్ పంపు వల్ల నెల బిల్లులో తగ్గేది మహా అయితే ఆ మూడు వందలే. అదీ వానాకాలం, చలికాలం నెలల్లోనే. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి.

ఈ లెక్క సంతకానికి ముందే వేసుకుని, ఆ సంస్థవారి ముందు పెట్టాను. జవాబుగా మధ్యాహ్నం పూట నడిపితే ఎండ కరెంటు ఉచితం కదా అన్నారు. నెట్ మీటరు ఉన్న ఇంటికి ఆ మాట అన్వయించదు, ఎందుకంటే పగలు గ్రిడ్‌కు పంపినదీ రాత్రి తీసుకున్నదీ నెలాఖరున చెల్లుకు చెల్లు వేస్తారు. మధ్యాహ్నం నడపడానికి వేరే మంచి కారణం ఉంది: అప్పుడు గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి యంత్రం తక్కువ కరెంటుతో పని ముగిస్తుంది. మేము టైమరును పన్నెండు గంటలకు పెట్టుకున్నాము. మందమైన ఫోమ్ పొర ఉన్న ట్యాంకు కావడంతో మర్నాటి ఉదయానికి రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గడం లేదు. మెట్ల గదిలో పెట్టిన యంత్రం పాత కూలరంత చప్పుడు చేస్తుంది. రాత్రి నడపకపోవడం వల్ల అదీ బాధించడం లేదు.

బిగింపులో రెండు లోపాలు కనిపించాయి. ట్యాంకు నుంచి కింది స్నానాల గదికి వచ్చే పైపుకు ఫోమ్ తొడుగు వేయకుండానే వెళ్ళిపోయారు. కుళాయి తిప్పితే ముందు సగం బకెట్టు చన్నీళ్ళు వచ్చి, ఆ తరువాత గానీ వేడి అందేది కాదు. గట్టిగా అడిగితే వచ్చి తొడుగు వేశారు గానీ, దాన్ని కోతులు నాలుగు రోజుల్లో పీకి పారేశాయి. చివరికి ఫోమ్ మీద అల్యూమినియం రేకు చుట్టించాక నిలిచింది. కొండవైపు ఇళ్ళవారు ఆ రేకును ముందే కొటేషన్‌లో రాయించుకోవాలి. రెండోది, యంత్రం వదిలే చల్లగాలికీ, దాని నుంచి కారే నీటికీ దారి చూపలేదు. గాలిలోని తేమ చల్లబడి చుక్కలుగా కారడం సహజం. వానాకాలంలో అది మెట్ల గదిలో మడుగు కట్టేది. చిన్న గొట్టం వేసి పూలకుండీల వైపు తిప్పుకున్నాము.

హీట్ పంపుకు బిగింపుతో కలిపి లక్షా ఇరవై వేల దాకా అయింది. పైన చూపిన లెక్క ప్రకారం ప్యానెళ్ళు ఉన్న ఇంట్లో ఆ డబ్బు బిల్లు రూపంలో తిరిగి రాదు. బిల్లు తగ్గించుకోవడమే ఉద్దేశమైతే ప్యానెళ్ళు వేయించుకుని, ఉన్న గీజరుతోనే సరిపెట్టుకోవచ్చు. ప్యానెళ్ళకు చోటులేని ఇళ్ళకు, పక్క భవనం నీడ పడే మిద్దెలకు, యాత్రికులకు గదులిచ్చి ఏడాది పొడవునా వేన్నీళ్ళు అందించవలసినవారికి మాత్రం హీట్ పంపు ఒక్కటే లాభసాటి. మేము పెట్టించుకున్నది ఇంట్లోని పెద్దవాళ్ళ కోసం, ముసురు రోజుల కోసం. ఆ మేరకు ఇచ్చిన డబ్బుకు తగిన పని జరుగుతోంది.

కొనేవారు ట్యాంకు వారంటీ షరతులు తప్పక చదవాలి. ట్యాంకు గోడను తుప్పు నుంచి కాపాడడానికి లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. అది తాను కరుగుతూ ట్యాంకును కాపాడుతుంది. ఉప్పు నీళ్ళలో త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఏడాదికోసారి విప్పి చూడాలని, మార్చినట్టు రసీదు లేకపోతే వారంటీ చెల్లదని మా కార్డులో చిన్న అక్షరాల్లో ఉంది. కడ్డీ ధర, దాన్ని మార్చే కూలి ఎంతో ముందే కొటేషన్‌లో రాయించుకోండి; మాకు ఆ సంగతి అమ్మినవారెవరూ నోటితో చెప్పలేదు.