ఆటో ట్రిమ్మర్ కుట్టుమిషన్: యూనిఫాంలు కుట్టి చూశాక చెబుతున్న మాట

విజయనగరంలో మాది స్కూల్ యూనిఫాంలు కుట్టే చిన్న యూనిట్. క్లచ్ మోటార్ మిషన్లు తీసేసి, కంట్రోల్ బాక్సుతో నడిచే డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారు నేరుగా మిషన్‌కే ఉండేది) ఆటో ట్రిమ్మర్ మిషన్లు, అంటే దారం తామే కోసేవి, పెట్టి కొన్నేళ్లయింది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ పనిలో చిన్న కుట్లు ఎక్కువైతే వెనకాడకండి, పొడవు కుట్లే ఎక్కువైతే తొందరపడకండి.

జేబు, కాలరు, కఫ్ దగ్గర కుట్టేది జానెడే. అయినా ప్రతిసారీ చెయ్యి కత్తెర కోసం వెతుక్కోవాలి. ఈ మిషన్‌లో పెడల్‌ని మడమతో వెనక్కి నొక్కితే చాలు, ప్లేటు కింది కత్తి పై దారాన్నీ బాబిన్ దారాన్నీ ఒకేసారి కోస్తుంది, గుడ్డను అదిమి పట్టే ఫుట్ దానంతటదే లేస్తుంది. మొదట్లో, చివర్లో రివర్స్ కుట్టు కూడా అదే వేస్తుంది. దారాలు కత్తిరించడానికే కూర్చునే హెల్పర్‌ని ఇప్పుడు ఇస్త్రీ దగ్గరికి మార్చాం. ప్యాంటు సైడు కుట్టులో మాత్రం పెద్ద తేడా లేదు.

సూది కిందికి దిగి ఆగేలా పెట్టుకుంటే జేబు మూల తిప్పడం ఎంత సుఖమో! కొత్తగా చేరినవాళ్లకు స్పీడు తగ్గించి ఇవ్వొచ్చు. టెరీకాటన్ మీద మేం నిమిషానికి 3,500 కుట్లు దాటనివ్వం, సూది వేడెక్కితే పాలిస్టర్ దారం కరిగి తెగుతుంది. కరెంటు కూడా ఆదా. క్లచ్ మోటారు కుట్టకపోయినా తిరుగుతూనే ఉండేది, ఇది పెడల్ తొక్కితేనే తిరుగుతుంది.

ఎక్కువ ఇబ్బంది కత్తి దగ్గరే. ఒక మిషన్‌లో దారం కోశాక తోక మరీ పొట్టిగా మిగిలి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టగానే సూదిలోంచి జారిపోయేది. అమ్మినవాళ్లు మెకానిక్‌ని పంపకుండా రేపు, మాపు అంటూ తిప్పారు. సీజన్ టైమ్‌లో ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. చివరికి అచ్యుతాపురంలో గార్మెంట్ పని చేసి వచ్చిన మా టైలరమ్మే ప్లేటు విప్పి, కత్తి దగ్గర ఇరుక్కున్న నూగు తీసి, మిషన్ పైన దారం బిగువు చూసే చిన్న టెన్షన్ నట్టు కాస్త వదులు చేసింది. తోక సరిపడా వచ్చింది. అప్పటినుంచి రోజూ పని దిగే ముందు నూగు తీయించడం మా దగ్గర రూలు.

వోల్టేజి పడిపోతే కంట్రోల్ బాక్సు ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. స్టెబిలైజరు, మంచి ఎర్తింగు లేకుండా వీటిని పెట్టొద్దు. లోపలి బోర్డు పోతే ఊళ్లో మామూలు మెకానిక్ చేతికి లొంగదు.

కొనేముందు మీ గుడ్డ, మీ దారం పట్టుకెళ్లి అక్కడే కుట్టించి, కోయించి చూడండి. స్పేర్ కత్తులు, బోర్డు ఎక్కడ దొరుకుతాయో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.