రింగా, ట్యాగా? వలస పిట్టల లెక్కకు ఏది మేలు?

చిన్న వలస పిట్టల వెంట పడాలంటే ఇప్పుడు నాలుగు దారులున్నాయి: కాలికి రింగు, వీపుకు జియోలొకేటర్ (వెలుగును బట్టి చోటు కనిపెట్టే బుల్లి పరికరం), రేడియో ట్యాగ్, ఉపగ్రహ ట్యాగ్. నాలుగోదాన్ని ముందే పక్కన పెట్టేయవచ్చు. ట్యాగు బరువు పిట్ట బరువులో 3 నుంచి 5 శాతం మించకూడదన్నది పరిశోధకులు సాధారణంగా పాటించే హద్దు. 12 గ్రాముల పిట్టకు అంటే అర గ్రాము అటూఇటూ. గ్రాముల్లో తూగే ఉపగ్రహ ట్యాగులు కొంగలకు, డేగలకు సరే.

రింగుది పాత కథ. 1899లో డెన్మార్క్‌లో మార్టెన్‌సెన్ అనే బడిపంతులు, గోరింకలకు దగ్గరి చుట్టాలైన స్టార్లింగ్ పిట్టల కాళ్లకు అంకెలు చెక్కిన అల్యూమినియం రింగులు తొడిగాడు. రింగు నేటికీ పెద్దగా మారలేదు; పిట్టను పట్టేది ఇప్పుడు ఇలా. పొదల మధ్య కంటికి ఆనని సన్నని వల కడతారు. చిక్కిన పిట్ట మెడ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఉండేలా, వీపు అరచేతికి ఆనేలా పట్టుకుంటారు. రింగు వేశాక రొమ్ము ఈకల మీద మెల్లగా ఊదుతారు. ఈకలు విడిపోయి, మెడ కింది గుంటలో పసుపురంగు కొవ్వు పల్చని చర్మం గుండా కనిపిస్తుంది. గుంట నిండి ఉబ్బి ఉంటే పిట్ట దూర ప్రయాణానికి సిద్ధమైనట్టే. రెక్క విప్పి, అరిగిన ఈకల పక్కన కొత్త ఈకలు ఎలా ఉన్నాయో చూసి, అది ఈ ఏటి పిల్లా, పెద్దదా తేలుస్తారు. తూకం వేసి వదిలేస్తారు. ఇదంతా కొద్ది నిమిషాల పని.

రింగుకున్న లోపం అందరికీ తెలిసిందే. వెయ్యి చిన్న పిట్టలకు తొడిగితే దూరదేశంలో ఒక్కటి దొరికినా అదృష్టమే. అందుకే చాలామంది దాన్ని పాత చింతకాయ పచ్చడిలా చూస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఏటా అదే చోట, అన్నే వలలు, అన్నే గంటలు కడితే పిల్లలకూ పెద్దలకూ ఉన్న నిష్పత్తి తెలుస్తుంది. ఆ ఏడు సంతానం నిలిచిందో లేదో అదే చెబుతుంది. నిరుడు రింగు వేసినవాటిలో ఎన్ని మళ్లీ వలలో పడ్డాయన్న లెక్క నుంచి ఎన్ని బతికి ఉంటాయో అంచనా కడతారు. ఉత్తర అమెరికాలో 1989లో మొదలైన, పిట్టల సంతానాన్నీ మనుగడనూ లెక్కగట్టే ‘మ్యాప్స్’ పథకం ఈ పద్ధతి మీదే నడుస్తోంది. పిట్టలు తగ్గుతున్నప్పుడు లోపం గూళ్లలో ఉందా, పెద్దవి చనిపోవడంలో ఉందా అన్నది వేరు చేసి చూపడంలో రింగుకు సాటి లేదు.

దారి చూపమంటే మాత్రం రింగు నోరు మూస్తుంది. అక్కడ జియోలొకేటర్ గెలుస్తుంది. అది నమోదు చేసేది వెలుగునూ సమయాన్నీ మాత్రమే. పగటి నిడివిని బట్టి అక్షాంశం, మిట్టమధ్యాహ్నం ఏ వేళకు వచ్చిందో దాన్ని బట్టి రేఖాంశం లెక్కగడతారు. బ్లాక్‌పోల్ వార్బ్లర్ అనే 12 గ్రాముల పిట్ట అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఎక్కడా ఆగకుండా ఎగురుతుందని 2015లో రూఢి అయింది దీని పుణ్యమే. కానీ రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో అక్షాంశం తేలదు. వలసలు ముమ్మరంగా సాగేదీ ఆ నెలల్లోనే! పైగా సమాచారం కావాలంటే అదే పిట్టను మరుసటి ఏడు మళ్లీ పట్టాలి. చచ్చినవాటి దారి ఎవరికీ తెలియదు. పటంలో కనిపించేవన్నీ బతికి వచ్చినవాటి గీతలే.

రేడియో ట్యాగుకు ఆ బెడద లేదు, మళ్లీ పట్టనక్కర్లేదు. కెనడాలో మొదలైన ‘మోటస్’ వ్యవస్థలోని గ్రాహక స్తంభాలు దగ్గరగా ఎగిరే పిట్ట సంకేతాన్ని వాటంతటవే అందుకుంటాయి. స్తంభాలు దట్టంగా ఉన్న తీరంలో ఒక పిట్ట ఎన్ని రోజులు ఆగి మేసిందో తెలుసుకోవడానికి నేను దీన్నే ఎంచుకుంటాను. స్తంభాలు లేని చోట ఇది శుద్ధ దండగ.

సంఖ్య తెలియాలంటే రింగు, దారి తెలియాలంటే జియోలొకేటర్, మజిలీ తెలియాలంటే రేడియో. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు రింగుకే. ట్యాగు వేసే బృందానికైనా అది తప్పదు: రింగు మాత్రమే ఉన్న పిట్టలు కొన్ని అదే చోట ఉంటేనే, ట్యాగు మోసినవి వాటికంటే తక్కువగా తిరిగొచ్చాయేమో పోల్చి చూడగలరు.