తోటలోని సిమ్: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఒక మొబైల్ కంపెనీ సిమ్‌లు నా పేరు మీద రెండున్నాయి. ఒకటి నా ఫోనులో ఉంది. అందరికీ ఎలా పనిచేస్తుందో నాకూ అలాగే పనిచేస్తోంది, దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. రెండోది పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో, బోరు పక్కన రాతి స్తంభానికి బిగించిన ఇనుప పెట్టెలో ఉంది. ఈ సమీక్ష ఆ రెండో సిమ్ గురించే. కంపెనీ పేరు రాయడం లేదు. తోటి రైతులను కనుక్కుంటే వేరే కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నవాళ్ళు కూడా ఇదే ఇబ్బంది చెప్పారు.

మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉన్న రైతులకు సంగతి తెలుసు. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ వేస్తారు. మనం ఆ నంబరుకు ఫోను చేస్తే పెట్టె ఎత్తుతుంది, మోటారు ఆగి ఉందో నడుస్తోందో తెలుగులోనే చెబుతుంది. ఒకటి నొక్కితే మోటారు ఆడుతుంది. మోటారుకు కావలసిన త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు తనే మనకు ఫోను చేస్తుంది. బోరులో నీళ్ళు తగ్గి మోటారు ఉత్తగా తిరుగుతుంటే ఆపేసి, ఆ విషయమూ చెబుతుంది.

2018 వేసవిలో బిగించాం. అంతకుముందు మా నాన్న తోటలోనే మంచం వేసుకొని పడుకొనేవారు. వ్యవసాయానికి ఇచ్చే ఏడు గంటల కరెంటు ఒక్కసారిగా వచ్చేది తక్కువ. విడతలుగా వచ్చేది, రెండో విడత ఒక్కోసారి తెల్లవారుజామున మూడింటికి. ఆ చీకట్లో టార్చిలైటు పట్టుకొని గట్టు మీద నడిచి వెళ్ళి బటను నొక్కి రావాలి. మా గట్టు మీద రక్తపింజరులు తిరుగుతాయి. డెబ్బై ఏళ్ళ మనిషిని అలా పంపి నేను నెల్లూరులో పడుకోవడం నాకు ఎన్నడూ మనసొప్పలేదు. స్టార్టర్ వచ్చాక నాన్నను నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

మొదటి రాత్రి నాకింకా గుర్తుంది. ఫోను మోగింది. నాన్న లేచి, కళ్ళజోడు వెతుక్కొని, వరండాలో దీపం కిందకు వెళ్ళి, ఆ చిన్న కీప్యాడ్ ఫోనులో ఒకటో అంకె మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కారు. 'మోటారు ఆన్ అయింది' అని లోపలినుంచి గొంతు వినిపించింది. ఆయన ఫోను చెవి దగ్గరినుంచి తీయకుండా ఇంకాసేపు అలాగే నిలబడ్డారు. 'నీళ్ళ చప్పుడు వినపడుతుందేమోనని' అన్నారు. ఆ గంట ప్రయాణం దూరం ఒక్క నొక్కుతో తీరిపోవడం ఆయనకు ఎంత సంబరమో మాటల్లో చెప్పలేను. ఈ కంపెనీ మీద నాకున్న కృతజ్ఞత అక్కడ మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

ఇదే సిమ్ ఎందుకంటే మా తోటలో దీని 2జీ సిగ్నలే గట్టిగా అందుతుంది. స్టార్టరు పాత రకం, 2జీ మీదే నడుస్తుంది. 4జీ మాత్రమే ఉన్న సిమ్ వేస్తే అసలు పలకదు. మిగతావి కూడా అరువు తెచ్చి వేసి చూశాం. ఒకటి కాసేపు పలికి కాసేపు పలకలేదు, ఇంకొకటి గుట్ట అడ్డం కాబోలు, ఒక్క గీత కూడా చూపించలేదు. దీనికి మాత్రం ఎప్పుడు చూసినా మూడు గీతలు.

2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చినప్పుడు దీని విలువ మరోసారి తెలిసింది. కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా బావగారి కుటుంబం నదికి అవతల ఉంది. ఆ రెండు రోజులూ వాళ్ళ క్షేమం తెలిసింది ఈ కంపెనీ ఫోనులోనే. ఆ వారంలోనే నలుగురికి 'తీసుకుంటే ఇదే తీసుకోండి' అని చెప్పాను. ఇప్పుడైతే ఆ మాటకు కొంత చేర్చి చెబుతాను. మా బావగారింటికి టవరు దగ్గర, దానికి జనరేటరు ఉంది. మా తోటకు దగ్గరి టవరు అలాంటిది కాదు. ఊళ్ళో కరెంటు పోయి ఐదారు గంటలు దాటితే అదీ మూగబోతుంది. ఆ మూడు గీతలు కూడా పెట్టెకు విడిగా యాంటెన్నా కొని, స్తంభం పైకి కట్టాక వచ్చినవి.

ఇక నా బాధ. మేము సిమ్ వేసిననాటికి ఇన్‌కమింగ్‌కు గడువు లేదు. బ్యాలెన్సు ఉందా లేదా అన్నదే చూసుకొనేవాళ్ళం. ఆ ఏడాది చివర్లోనే నెలకు కనీసం 35 రూపాయలు వేయాలన్నారు. ధర మీద నేను పేచీ పెట్టను. అది 99 అయినప్పుడూ, తర్వాత నూట యాభై దాటినప్పుడూ, 2024 జులైలో 199కి చేరినప్పుడూ గొణుక్కుంటూనే కట్టాను. ఒక కూలి మనిషిని పెట్టుకొనే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే. నా పేచీ గడువు అయిపోతోందన్న సంగతి వాళ్ళు చెప్పే తీరు మీద. ఆ మెసేజ్‌ను ఎవరి సిమ్ గడువు తీరుతోందో ఆ సిమ్‌కే పంపుతారు. మా సిమ్ ఇనుప పెట్టెలో ఉంది. పెట్టెకు చదవడం రాదు.

28 రోజుల ప్యాకు కావడంతో తేదీ నెలనెలా రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతుంది. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయాలి. కరెంటు బిల్లులాగా ఒకే తేదీ అయితే గుర్తుండేది. ప్రతి కంపెనీ కనీసం ఒక ప్యాకు 30 రోజులదీ, మరొకటి ప్రతి నెలా ఒకే తేదీన వచ్చేదీ పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలోనే ఆదేశించింది. కానీ దుకాణంలో అడిగితే ముందు చేతికొచ్చేది 28 రోజులదే.

2024 ఏప్రిల్‌లో మా అమ్మకు కంటి ఆపరేషను. నేను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాను. తోట కాపలా చూసే మామ మనవరాలి పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళాడు. 'ఫోనులో నడుస్తుందిగా, నువ్వు వెళ్ళి రా మామా' అని పంపింది నేనే. అప్పటికి వారం నుంచి కరెంటు వచ్చినప్పుడు పెట్టె ఫోను చేయడం మానేసింది. నాకది వెంటనే తట్టలేదు. మనం చేస్తే ఎత్తుతోంది కదా అని ఊరుకున్నాను. గడువు తీరగానే ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుందనీ, ఇంకొన్ని రోజులకు ఇన్‌కమింగ్ పోతుందనీ తర్వాత తెలిసింది.

మామ వెళ్ళిన మర్నాడు ఫోను చేస్తే నంబరు అందుబాటులో లేదని వచ్చింది. టవరు పోయి ఉంటుందనుకున్నాను. రెండో రోజూ అదే. నాన్న పగలంతా పావుగంటకోసారి నొక్కుతూనే ఉన్నారు. మూడో రోజు ఆపరేషను. నాలుగో రోజు తెల్లవారకముందే బండి వేసుకొని వెళ్ళాను.

పెట్టె తలుపు తీశాను. ఎరుపు, పసుపు, నీలం మూడు దీపాలూ వెలుగుతున్నాయి. కరెంటు ఉంది. బోరులో నీళ్ళున్నాయి. మోటారు బాగుంది. చేత్తో పచ్చ బటను నొక్కితే గడగడమంటూ లేచింది. అన్నీ ఉండి, మూడు రోజులు చెట్లు ఎండాయి. ఏప్రిల్ ఎండలో కాయ మీదున్న నిమ్మకు మూడు రోజులంటే చాలా ఎక్కువ. ఆకులు దోనెల్లాగా ముడుచుకున్నాయి. బోరుకు దూరంగా, చివరి వరసలో ఉన్న ఒక చెట్టు కింద కూర్చొని రాలిన పిందెలు ఏరాను. గోలీకాయంత ఉన్నాయి, ఇంకా పచ్చగానే, తొడిమ దగ్గర తడి కూడా ఆరలేదు. నూట నలభై మూడు. ఆ ఒక్క చెట్టు కిందే. వేసవి కాయకే నిమ్మలో నాలుగు డబ్బులు కళ్ళచూసేది. మిగతా చెట్ల కింద లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

సిమ్ తీసి, వెంట తెచ్చుకున్న నాన్న కీప్యాడ్ ఫోనులో వేశాను. ఒక్క నిమిషం తర్వాత సిమ్‌లో చేరి ఉన్న మెసేజ్‌లు వరసగా కనిపించాయి. మీ ప్యాకు మూడు రోజుల్లో ముగుస్తుంది. రేపు ముగుస్తుంది. ఈరోజే చివరి రోజు. మీ అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. మీ ఇన్‌కమింగ్ ఆగిపోనుంది. మొత్తం పదకొండు. ఆ చెట్టు కిందే కూర్చొని ఒక్కొక్కటీ చదివాను. ఒక్కటి, ఒక్క మెసేజ్ నా ఫోనుకు వచ్చి ఉంటే ఆ పిందెలు కొమ్మల మీద ఉండేవి. నా ఫోనులోని నంబరు కూడా వాళ్ళదే. రెండూ ఒకే ఆధార్ మీద, ఒకే సంతకంతో ఇచ్చినవే.

ఇంటికొచ్చి 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది, తొందర పెట్టలేదు, నేను చెప్పినదంతా విన్నది. నేను అడిగింది ఒక్కటే. ఈ సిమ్ గడువు హెచ్చరికలు నా ఇంకో నంబరుకు కూడా వచ్చేలా చేయండి. అలాంటి ఏర్పాటు తమ దగ్గర లేదంది. కంపెనీ యాప్‌లో రెండు నంబర్లూ చేర్చుకుంటే గడువు కనిపిస్తుందని చెప్పింది. చేర్చాలంటే ఓటీపీ కావాలి. అది తోటలోని సిమ్‌కే వెళుతుంది. మళ్ళీ ఇంకోరోజు తోటకు వెళ్ళి, సిమ్ తీసి, ఓటీపీ చదివి, ఎక్కించి, సిమ్ తిరిగి పెట్టెలో వేశాను. కొత్త ఫోను కొన్నాక యాప్ మళ్ళీ ఓటీపీ అడిగింది. మళ్ళీ ప్రయాణం. ఇక నా ఫిర్యాదు పరిష్కారమైందన్న మెసేజ్ ఎక్కడికి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. దాన్ని ఆ రెండో ప్రయాణంలో చూశాను.

కోపంలో వేరే కంపెనీకి మారిపోదామనుకొని 1900కు పోర్టు మెసేజ్ కూడా పంపాను. కోడు వచ్చింది. దాని గడువు నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ అరువు సిమ్‌లు వేసి చూసిన సంగతే గుర్తొచ్చింది. మా గుట్ట పక్కన పలికేది ఇదొక్కటే. కోడు వాడకుండానే వదిలేశాను.

నన్ను ఆదుకున్నది మాత్రం పొదలకూరు బస్టాండు దగ్గర రీచార్జ్ దుకాణం నడిపే అబ్బాయి. జరిగిన సంగతి చెబితే బల్ల కిందినుంచి పొడవాటి నోటుపుస్తకం తీసి చూపించాడు. అందులో అన్నీ స్టార్టర్ల నంబర్లే. ప్రతి నంబరు పక్కన ఊరి పేరు, గడువు తేదీ, రైతు అసలు ఫోను నంబరు. 'మీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారన్నా. రెండు రోజుల ముందు నేనే ఫోను చేస్తాను' అన్నాడు. ఆపైన నెలనెలా తప్పకుండా చేశాడు. నేను కంపెనీని అడిగింది ఇదే. లక్షల టవర్లున్న సంస్థ లేదన్నదాన్ని ఈ అబ్బాయి ఒక పెన్ను, ఒక నోటుపుస్తకంతో చేస్తున్నాడు.

డేటా లేని ఏడాది ప్యాకు గురించి చెప్పింది కూడా ఈ అబ్బాయే. మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు విడిగా ఇవ్వాలని, గడువు 365 రోజుల వరకూ ఉండవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చింది. 2025 మొదట్లో అలాంటి ప్యాకు వచ్చింది. రెండు వేలకు లోపే. ఇనుప పెట్టెకు ఇంటర్నెట్టు ఎందుకు? వచ్చిన వారంలోనే వేయించాను. పదమూడు సార్లు గుర్తుపెట్టుకోవలసినది ఇప్పుడు ఒక్కసారి. నిజంగా పెద్ద ఉపశమనం. అయితే ఒకేసారి అంత కట్టడం అందరికీ కుదరదు. పక్క తోట కౌలు రైతు నెలనెలా వేసుకుంటూనే ఉన్నాడు. అతనికి ఇంకా ఆ నోటుపుస్తకమే దిక్కు.

మా తోట వరకు అయితే సిగ్నలుకు అయిదుకు నాలుగు ఇస్తాను, యాంటెన్నా కొన్న తర్వాతి సంగతి అది. స్టార్టర్ కోసం తీసుకొనేవాళ్ళు మాత్రం ముందు ఎవరిదైనా సిమ్ అడిగి తెచ్చి, మోటారు దగ్గరే నిలబడి, కరెంటు పోయిన సమయంలో కూడా ఒకసారి చూసుకోండి. మీకు 4జీ స్టార్టర్ ఉంటే నా మాట ఎంతవరకు పనికొస్తుందో మీరే ఆలోచించుకోండి, ఎంచుకోవడానికి మీకు కంపెనీలు ఎక్కువ. తోటలోనే కాపురం ఉండేవాళ్ళకు ఈ గొడవే లేదు. నాకు నాన్న వయసు, నెల్లూరులో ఉద్యోగం, గుట్ట అడ్డం ఉన్న తోట ఉన్నాయి కాబట్టి ఇదే కంపెనీతో సాగుతున్నాను. రేపు వీళ్ళు 2జీ ఆపేస్తే పెట్టె మార్చాలి, సిమ్ సంగతి అప్పుడు మళ్ళీ చూడాలి.

హెచ్చరికలకు రెండో నంబరు ఇవ్వమని మొన్న మరోసారి ఫిర్యాదు చేశాను. ఈసారి జవాబు నా సొంత ఫోనుకు చెప్పమని రాయించాను, ఇంకా రాలేదు. ప్యాకు గడువు తేదీని పెట్టె తలుపు లోపలివైపు తెల్ల పెయింటుతో నాన్న చేత పెద్ద అంకెల్లో రాయించాను. మామ తలుపు తీసినప్పుడల్లా చదివి చెబుతున్నాడు.