పర్లాకిమిడి బస్టాండ్ దగ్గర మహిళా సంఘం హోటల్, చోడి (రాగి) దోసె కోసమైనా వెళ్ళండి

నేను పాతపట్నం నుంచి వారానికి మూడు నాలుగుసార్లు ఒడిశాలోని పర్లాకిమిడి వస్తుంటాను, పొద్దున్నే ఇంట్లో తినే టైముండదు, అందుకే ఏడాదిగా నా టిఫిన్ మహిళా సంఘం వాళ్ళ ఈ చిన్న హోటల్లోనే. బోర్డు ఒడియాలో ఉంటుంది గానీ లోపల అందరూ తెలుగు మాట్లాడతారు.

చోడి దోసె సూపర్. చాలాచోట్ల చోడిపిండి పేరుకి కలుపుతారు, ఇక్కడ పెనం మీద పడగానే చోళ్ళ వాసన తెలుస్తుంది, అంచులు కరకరలాడుతూ మధ్యలో మెత్తగా ఉంటుంది, అల్లం పచ్చడి గట్టిగా వేస్తారు, నీళ్ళు కలపరు. రెండు దోసెలు 40 రూపాయలు. బరా-ఘుగుని (గారెలు, బఠాణీ కూర) కూడా బాగుంటుంది. ఇడ్లీ మామూలే.

ఎనిమిదిమంది ఆడవాళ్ళు సంఘం అప్పుతో మొదలెట్టారు. ఒడిశాలో మిషన్ శక్తి 2001లో వచ్చింది కదా, మనవైపు డ్వాక్రా లాంటిదే. పెనం దగ్గరుండే అప్ప (అక్క) తన సుభద్ర పథకం డబ్బులో, అదే 2024 నుంచి ఏడాదికి 10,000 రెండు విడతలుగా ఆడవాళ్ళ అకౌంట్లో పడుతుంది చూడండి, ఒక విడత 5,000 గ్రైండర్‌కి పెట్టిందంట. మీ ఆయన్ని అడిగావా అప్పా అంటే "అడగలేదమ్మా, చెప్పాను" అంది. మా అమ్మ గుర్తొచ్చి నాకు ముద్ద దిగలేదు. శ్రీకాకుళం వెళ్ళాలంటే బస్సు చార్జీకి నాన్నని రెండ్రోజుల ముందునుంచి అడిగేది, అంత బాగా వండే మనిషి చేతిలో ఒక్క రూపాయి ఉండేది కాదు.

ఇంకో సంగతి. ముందు గల్లా దగ్గర స్కానర్ ఒకావిడ మొగుడి నంబరు మీద ఉండేదంట, మనం కొట్టిన డబ్బంతా అతని అకౌంట్లో పడేది, నెలాఖరుకి లెక్క తేలేది కాదు, పెద్ద గొడవే అయింది, మీటింగ్ పెట్టి సంఘం అకౌంట్‌కి మార్పించారు. ఇప్పుడు అతనే పొద్దున్న 5 గంటలకి నీళ్ళ క్యాన్లు మోసుకొచ్చి దించుతున్నాడు, నేను కళ్ళారా చూశాను. రద్దీ తగ్గాక డబ్బాలో చిల్లర బల్ల మీద బోర్లించి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటారు, అందరిలో పెద్దావిడ వేలిముద్ర వేయనని పట్టుబట్టి నేర్చుకుందంట, నాలుక కరుచుకుని ఒక్కో అక్షరం దిద్ది సంతకం పెడుతుంది, అయ్యేదాకా మిగతావాళ్ళు కదలరు. అయితే ఇంటిపని మాత్రం తగ్గలేదు, 3 గంటలకే లేచి ఇంట్లో వంట చేసి వస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది, ఇంట్లో మగాళ్ళు ఒక పూటైనా పొయ్యి వెలిగించాలి.

ఇబ్బందులంటే బల్లలు నాలుగే, ఆదివారం నిలబడే తినాలి, చెయ్యి కడుక్కునే చోట నీళ్ళు నిలిచిపోతున్నాయి, నేను రెండుసార్లు చెప్పాను, ఈ నెల లెక్క చూసుకుని సిమెంటు వేయిస్తాం అన్నారు. దోసె కావాలంటే 8 లోపే వెళ్ళండి, 10 అయితే చోడిపిండి అయిపోతుంది.