సెకండ్ హ్యాండ్ ఎక్స్‌యూవీ 500: మూడు షేపులు చూశాం, మధ్యది కొన్నాం

ఇంట్లో ఆరుగురం. అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరు. పాత చిన్న కారులో సింహాచలం వెళ్లాలన్నా ఇద్దరు ఆటోలో వెనకాల రావాల్సిందే. కొత్త ఏడు సీట్ల బండి మనవల్ల కాదు, చేతిలో ఉన్నది ఏడు లక్షలు, అందుకని రెండు నెలలపాటు ఆదివారం వస్తే చాలు వైజాగ్‌లో అమ్మకానికున్న మహీంద్రా ఎక్స్‌యూవీ 500లు చూడ్డమే పని. (కంపెనీవాళ్లు దాన్ని 'ఫైవ్ డబుల్ ఓ' అంటారు. మర్రిపాలెంలో మా మెకానిక్‌కి అది ఒట్టి 'ఎక్స్‌యూవీ'.)

ముందు ఏ ఏడాది ఏం మారిందో చెప్పేస్తా, ఎందుకంటే బ్రోకర్లు 'న్యూ షేప్ సార్' అని దేన్నైనా అంటగట్టేస్తారు. మొదటిది 2011లో వచ్చింది, 2.2 లీటర్ డీజిల్, 140 హార్స్‌పవర్. 2015 మేలో ముందు భాగం మార్చి, డబ్ల్యూ10 వేరియంట్‌లో సన్‌రూఫ్ ఇచ్చారు, అదే ఏడాది చివర్లో ఆటోమేటిక్ గేరు కూడా వచ్చింది. 2018లో ముఖం మళ్లీ మారి పవర్ 155 అయింది, వేరియంట్ల పేర్లు కూడా డబ్ల్యూ5, 7, 9, 11 అయ్యాయి. 2020 ఏప్రిల్ తర్వాతవి బీఎస్6, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధనలకి తగ్గవి. 2021లో ఎక్స్‌యూవీ 700 వచ్చింది, 500 ఆగిపోయింది. నిజానికి 500 అంతా ఒకటే తరం, మేకప్ మార్చుకుంటూ పదేళ్లు నడిచింది, తర్వాతి తరం అంటే 700నే.

ఇంత చెప్పినా, మన ఊళ్లో షేప్ కంటే ముందు అడగాల్సింది ఆ బండి ఇన్నాళ్లూ ఎక్కడ పార్క్ చేశారని.

మొదట చూసింది 2013 బండి, ఏపీ 31 నంబరు, నాలుగు లక్షలకి ఇస్తామన్నారు. బీచ్‌కి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్ బయట, నీడ లేని చోట. దూరం నుంచి అద్దంలా మెరిసిపోతోంది, పదకొండేళ్లు దాటిన బండి అంత మెరిస్తేనే నాకు అనుమానం. మెకానిక్ రూఫ్ మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లాడు, టంగ్ టంగ్ మంటూ వచ్చి ఒకచోట సన్నగా 'టప్' మంది. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి అక్కడ పెడితే అంటుకోలేదు, జారిపోయింది. అంటే కింద రేకు లోతుగా పోయి, పైన లప్పం మెత్తారన్నమాట. బ్రోకర్‌ని అడిగితే ఏమన్నాడో తెలుసా, "హుద్‌హుద్‌కి చెట్టు పడలేదండి, కొమ్మ పడింది." 2014 అక్టోబర్ 12న ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ ఆ కొమ్మ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అప్పటికి రిజిస్టరైన బండి చూస్తుంటే మాత్రం తుపాను నాడు ఎక్కడుందని ఒక్కమాట అడగండి. ఇక వెనక డోర్ కింది అంచు చూస్తే రబ్బరు వెనక పెయింటు పొక్కులు పొక్కులుగా లేచింది, గోరుతో గీరితే ఎర్రటి పొడి. "లోపల తినేసింది సార్" అన్నాడు మా మెకానిక్. ఉప్పుగాలి పని. డోర్ల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలు, నంబరు ప్లేటు స్క్రూలు, కింద సైలెన్సర్ బోల్టులు, ఇవి మూడూ చూస్తే చాలు. పైగా 2028లో పదిహేనేళ్లు నిండితే మళ్లీ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), రిజిస్ట్రేషన్ రెన్యువల్ తిప్పలు. ఆ నాలుగు లక్షలకి ఇంకో లక్షన్నర సిద్ధం చేసుకునేవాళ్లకి తప్ప మొదటి షేప్ చెప్పను.

2019 డబ్ల్యూ11 నడపడానికి చాలా బాగుంది, ఎండాడ ఎక్కుడులో గేరు మార్చకుండానే లాగేసింది, పది లక్షలు చెప్పాడు, అప్పు చేసైనా తీసుకుందామా అనిపించింది. మీటర్ 38 వేలు. కానీ బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, స్టీరింగ్ పైభాగం నూనె రాసినట్టు మెరుస్తోంది. మీటర్ వెనక్కి తిప్పారేమోనని సర్వీస్ రికార్డు చూపించమన్నాం. వారం రోజులు ఇదిగో అదిగో అని, చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

మధ్యలో మా బావ, "హైదరాబాద్ బండి తీసుకో, తుప్పు ఉండదు, రేటూ తక్కువ" అని ఒకటే పోరు. మాట నిజమే గానీ తెలంగాణ నంబరు తెస్తే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో వెనక్కి రావాల్సింది ఉంటే దానికోసం వేరే తిరగాలి. లెక్క వేస్తే మిగిలేది పెద్దగా లేదు. ఎక్స్‌యూవీ 700 కూడా ఒకటి చూశాం, ఊరికే, ఆశకొద్దీ. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో అయిదు స్టార్లు, రెండు పెద్ద స్క్రీన్లు, మా బడ్జెట్‌కి రెట్టింపు. దండం పెట్టి వచ్చేశాం.

కొన్నది 2016 డబ్ల్యూ8, మాన్యువల్, ఆరు లక్షల ఇరవై వేలు. ఉక్కునగరంలో రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న ఒకాయనది. మొదటి రోజు నుంచి షెడ్డులోనే ఉంది. వైపర్ బ్లేడు బిల్లు కూడా పారేయకుండా ప్లాస్టిక్ ఫైల్లో తేదీల వరసలో పెట్టుకున్న మనిషి. ముందురోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పాం. పొద్దున్నే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, మొదటి సెల్ఫ్‌కే అందుకుంది, పొగ లేదు. ముందే వేడి చేసి పెట్టిన డీజిల్ బండి ఎవరికైనా బాగానే స్టార్ట్ అవుతుంది, కాబట్టి ఇది మర్చిపోవద్దు. తర్వాత సింహాచలం ఘాట్‌లో సగం ఎక్కి ఆపి మళ్లీ కదిలించి చూశాం, క్లచ్ జారడం లేదు, కాలిన వాసన లేదు. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35 కూడా ఫైల్లోనే ఉంది, ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకుకి తాకట్టులో ఉందన్న నమోదు) తీసేశారో లేదో ఎం పరివాహన్ యాప్‌లో చూసుకున్నాకే డబ్బులిచ్చాం.

అన్నీ బాగున్నాయని చెప్పను. మూడో వరస పిల్లలకే, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. ఆ వరస లేపితే వెనక రెండు సంచులకి మించి పట్టవు, సామాను పైన క్యారియర్ మీదకే. ఎత్తు కూడా ఎక్కువే, అమ్మ మోకాళ్ల నొప్పులతో చీరతో ఎక్కలేకపోయింది, ఫుట్‌బోర్డ్ వేయించాక పర్లేదు. సిటీలోనే రోజుకి నాలుగైదు కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిలే వద్దంటాను, బీఎస్6 డీజిల్ అయితే అసలే వద్దు, అంత కొంచెం తిరుగుడుకి పొగలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఆ మసిని కాల్చుకోదు, పూడుకుపోతుంది.

టైర్ల మీద తేదీ 2018 అని ఉంది, గాడులు బాగానే ఉన్నా రబ్బరు పగుళ్లిచ్చింది. అరకు ప్లాన్ నాలుగు టైర్లూ మార్చాకే. అప్పటిదాకా భీమిలి వరకే, వచ్చాక కింద నుంచి మంచినీళ్లతో కడగడం నా డ్యూటీ.