లిమిటెడ్ ఎడిషన్ రివాల్వర్: బంగారు గీతలకు ఎంత, ఉక్కుకు ఎంత?

అమెరికా తుపాకుల తయారీదారు స్మిత్ అండ్ వెసన్ సంస్థ తాను మొదలైన 1852 నుంచి 125 ఏళ్లు నిండిన సందర్భంగా 1977లో విడుదల చేసిన మోడల్ 25 రివాల్వర్‌ను ఈ సమీక్షకు ఎంచుకున్నాను. లిమిటెడ్ ఎడిషన్ అనే మాటలోని ఆకర్షణా, అందులోని మెలికా రెండూ ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి. .45 కోల్ట్ తూటాలు పేల్చే, ఆరున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న ఈ పెద్ద రివాల్వర్ బ్లూయింగ్ (ముదురు నీలి నలుపు మెరుగు) చేసిన ఉక్కుతో, బ్యారెల్ మీద బంగారు రంగు నింపిన వార్షికోత్సవ అక్షరాలతో, పక్క పలక మీద అదే రంగు ముద్రతో, పతకమూ సంస్థ చరిత్ర పుస్తకమూ తోడుగా చెక్క పెట్టెలో వచ్చింది. పెట్టె మూత ఎత్తగానే కళ్లు చెదురుతాయన్నది నిజమే. అయితే ఇవి సుమారు 10,000 తయారయ్యాయి. పదివేలంటే పరిమితమే కాని, అరుదు కాదు.

అందం విషయంలో మొదట చూడవలసింది బంగారు గీతలను కాదు, ఉక్కు మీది పాలిష్‌ను. బ్లూయింగ్ అనేది రంగు పూత కాదు. ఉక్కు ఉపరితలాన్నే పలుచని ఐరన్ ఆక్సైడ్ పొరగా మార్చే రసాయన చర్య. అందువల్ల కింద ఒక గీత మిగిలిపోతే అది దాగదు సరికదా, మరింత స్పష్టంగా బయటపడుతుంది. ట్యూబులైటు కింద రివాల్వర్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వాల్చి చూసినప్పుడు, ఆ వెలుగు గీత ఫ్రేమ్ పొడవునా వంకర పోకుండా సాగితే పాలిష్ చేసిన మనిషి తొందరపడలేదని అర్థం. కుడివైపు పక్క పలక ఫ్రేమ్‌తో కలిసే అతుకు వెంట్రుకంత సన్నగా ఉండాలి. పాలిష్ చక్రానికి అవసరానికి మించి అదిమితే స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి, అక్షరాల అంచులు అరిగిపోయినట్లు మెత్తబడతాయి. 1955లో కోల్ట్ సంస్థ తెచ్చిన పైథాన్ రివాల్వర్‌కు, దాని రాయల్ బ్లూ నిగారింపుకు అంత పేరు రావడానికి కారణం బ్లూయింగ్‌కు ముందు దానిపై పెట్టిన ఈ శ్రమే తప్ప, ఏ ప్రత్యేక ఎడిషనూ కాదు. ఈ కొలతతో చూస్తే 1977 నాటి మోడల్ 25కు మంచి మార్కులే పడతాయి, కాని పాత పైథాన్ పక్కన పెడితే నా దృష్టిలో ఒక మెట్టు కిందనే నిలుస్తుంది.

ఇక అలంకరణ సంగతి. ఉలితో చేతిపని చేసిన గాడి అడుగున కోణంగా ఉండి, వెలుగు పడగానే తళుక్కుమంటుంది; చెక్కిన ఒక లతకూ మరో లతకూ మధ్య చిన్న చిన్న తేడాలుంటాయి. లేజర్ గీత లోతు తక్కువగా, అంతటా ఒకేలా, కాస్త జీవం లేనట్లు ఉంటుంది. అలాగని యంత్రంతో ఒత్తిన బొమ్మను చిన్నచూపు చూడనక్కర లేదు. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్‌లో మందుగుండు నింపే, తిరిగే సిలిండర్ చుట్టూ కనిపించే 1843 నాటి నౌకా యుద్ధ దృశ్యం, వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ చెక్కిన అచ్చును దొర్లించి ఒత్తినదే, అయినా ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. అచ్చుపనిని చేతిపని పేరుతో, పలుచని బంగారు పూతను బంగారం పొదిగిన పని ధరకు అమ్మడమే అభ్యంతరకరం. అలాంటివి పైన పటారం, లోన లొటారం.

విలువ దగ్గరికి వస్తే ఒక విచిత్రం ఎదురవుతుంది. సంస్మరణ రివాల్వర్లను సేకరించేవారు కోరేది పేల్చనిది మాత్రమే కాదు, సిలిండర్‌ను ఒక్కసారి కూడా తిప్పనిది. తూటాను పేల్చే హ్యామర్‌ను వెనక్కి లాగి సిలిండర్ తిప్పితే, దాన్ని ఆపే చిన్న మీట రాసుకుని చుట్టూ సన్నని గీత పడుతుంది. ఆ గీతతోనే ధర దిగుతుంది. తిరగడానికే పుట్టిన వస్తువు తిరిగితే విలువ కోల్పోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడని సంగతి. వస్తువులు విడిపోయినా నష్టమే: 1973లో టెక్సస్ రేంజర్లు అనే పోలీసు దళం 150 ఏళ్ల సందర్భంగా వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19కు బోవీ కత్తి (పెద్ద వేట కత్తి) జతగా ఉండేది, ఆ కత్తి లేని పెట్టె సగం కథే చెబుతుంది.

దీనికి భిన్నంగా, 1935లో స్మిత్ అండ్ వెసన్ మొదలుపెట్టిన రిజిస్టర్డ్ మాగ్నమ్ రివాల్వర్‌ను ఎవరూ లిమిటెడ్ ఎడిషన్ అని పిలవలేదు. కొనేవారు బ్యారెల్ పొడవునూ గురి చూసే సైట్లనూ తమకు కావలసినట్లు చెప్పి చేయించుకునేవారు. ఒక్కొక్కదానికి విడిగా రిజిస్ట్రేషన్ నంబరు ఉండేది. మాంద్యపు రోజుల్లో 60 డాలర్లు పెట్టి కొన్నవారు దాన్ని వాడుకున్నారు, అరగదీశారు. మొత్తం తయారైనవి ఐదు వేల పైచిలుకే. నేడు సేకర్తలు దానికి ఇచ్చే గౌరవం 1977 పెట్టెకు దక్కడం లేదంటే ఆశ్చర్యం లేదు: ఎవరి కోసమో, ఒక పని కోసం చేసిన వస్తువు అది, ఇది దాచుకోవడానికే చేసిన వస్తువు, అలా దాచుకున్నవారు వేలమంది ఉన్నారు.

కాబట్టి బేరానికి ముందు అదే మోడల్‌లో మామూలు రివాల్వర్ ధర తెలుసుకుని, ఆపై అడిగే మొత్తం పెట్టెకూ పతకానికీ బంగారు రంగుకూ తగునా అని లెక్క వేయాలి. అలంకరణను తర్వాత ఎవరైనా చేర్పించవచ్చు గనుక, ఆ సీరియల్ నంబరు కర్మాగారం నుంచి ఏ రూపంలో, ఎప్పుడు బయటికి వెళ్లిందో తెలిపే సంస్థ లేఖను ఖరీదైన వాటికి తప్పక అడగాలి. దంతపు పిడి ఉన్నవాటి జోలికి వెళ్లకపోవడం మేలు, ఎందుకంటే ఏనుగు దంతపు వ్యాపారంపై 1990 నుంచి ఉన్న అంతర్జాతీయ నిషేధం వల్ల వాటిని మళ్లీ అమ్మడం చిక్కుతో కూడిన పని.

1977 మోడల్ 25 విషయంలో నా తీర్పు ఇది: పెట్టె, పతకం, పుస్తకం, కాగితాలు అన్నీ చెక్కుచెదరకుండా ఉండి, మామూలు మోడల్ 25 ధర కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ అడిగితే కొనదగినది. సిలిండర్ మీద గీత పడిందన్న కారణంతో ధర తగ్గిస్తే ఇంకా మంచిది, దాన్ని నిశ్చింతగా పేల్చుకోవచ్చు.